ఎవరూ అడగని వాన

ఒక ఊరు ఏడాదంతా కష్టపడి పండించిన గోధుమపంట మీదికి ఒక్క ప్రార్థనతో వాన రప్పించిన ఘనుణ్ని నేను. అదీ మా ఊరు కాదు, ఇంగ్లండులో ఒక పల్లె. కాస్త ఓపిక పట్టండి, ఆ ఘోరం మొదటినుంచీ చెబుతాను.

మన రాష్ట్రం ఏర్పడిన కొత్తలో మిషన్ వారు గిద్దలూరు కుర్రాడు దానాన్నీ నన్నూ దైవసేవ శిక్షణకు ఆ దేశం పంపించారు. మార్కాపురంలో నర్సుగా చాలాకాలం పనిచేసి వెళ్లిన దొరసానమ్మగారు, కోతల రోజుల్లో మమ్మల్ని తన అన్నగారి పల్లెకు తీసుకెళ్లారు.

ఎంత చక్కని ఊరో! మందిరం గోడలు వంద తరాలను చూసినట్టున్నాయి. మేము పిల్లల చేతికిచ్చి అక్షరాలు దిద్దించే పలకరాతిని వాళ్లు ఇళ్లకు కప్పుకున్నారు. వాన వచ్చి దాని మీద రోజూ దిద్దుకుని పోతుంది. పశువులకూ పంటకూ కలిపి కట్టిన కొట్టం మా ఊరి మందిరం కంటే గంభీరంగా ఉంది. ఒకరి పొలం కోతకు ఊరంతా వస్తుంది. ఆ కష్టం, ఆ కలుపుగోలుతనం చూసి నా గుండె నిండిపోయింది. అసలు చిక్కు అక్కడే వచ్చింది.

కోసిన గోధుమ పనలు చేలో నిలబెట్టి ఉన్నాయి. తడిస్తే గింజ మొలకెత్తి పాడవుతుంది కాబట్టి సాయంత్రంలోగా కొట్టానికి చేర్చాలి. బండ్లు కదిలే ముందు అందరూ టోపీలు తీసి చిన్న ప్రార్థన చేయడం అక్కడి అలవాటు. ఆ పని అన్నగారు నాకు అప్పగించి, నాలుగు మాటలు చాలన్నారు. నాలుగు మాటల ప్రార్థన అంటే మా సంఘంలో పెళ్లివారికి మజ్జిగ పోసి పంపేసినట్టే లెక్క.

ఇంగ్లీషులో నాకు ఆత్మ కదలదు. తెలుగులో ఎత్తుకున్నాను, పక్కన దానం ఇంగ్లీషు చెబుతున్నాడు. తెలుగు తెలిసిన దొరసానమ్మగారు దూరంగా కొట్టంలో టీ కాచే పనిలో ఉన్నారు. నేల కోసం, గుర్రాల కోసం, రైతుల కోసం, దొరసానమ్మగారి కోసం పేరుపేరునా స్తోత్రాలయ్యాయి. వాన మొహం వాచిన మా పడమటి పల్లెల్లో పెళ్లయినా చావయినా వాన అడగకుండా ఆమెన్ చెప్పడమంటూ ఉండదు. కళ్లు మూసుకున్న నా నోరు గానుగెద్దులా ఆ దారే పట్టింది.

"ప్రభువా, ఆకాశపు తలుపులు తెరువు. కుంటలు నిండాల, వాగులు పారాల."

దానం ఆగిపోయి నా చొక్కా లాగాడు. "అన్నా, వాన వద్దన్నా. కోసిన పంట చేలోనే ఉండాది."

వాడికి విశ్వాసం సన్నగిల్లిందనుకున్నాను. "సందేహపడకు తమ్ముడా, చెప్పు."

"ఏంది చెప్పేది? తంతారు మనల్ని."

నేను గొంతు ఇంకా పెంచాను. "చిరుజల్లు కాదు ప్రభువా, కుండపోత కావాల."

దానం పాపం, ఈ ప్రజలను మెండుగా దీవించమంటున్నాడని చెప్పి గట్టెక్కాడు. ఊరంతా ఒక్క గొంతుతో ఆమెన్ అంది. అంటే నా అర్జీ మీద వాళ్లందరి చేతా ముద్ర వేయించానన్నమాట.

కళ్లు తెరిచేసరికి మబ్బు నెత్తిమీదుంది. మొదటి చినుకు అన్నగారి బట్టతల మీద పడింది.

ఇక చూడాలి ఆ పరుగులు! ఆ ఊరి పాస్టరుగారు అంగీ పైకి దోపుకున్నారు, ముసలమ్మలు పనలు చంకనెత్తుకున్నారు, దానమూ నేనూ బరువుకు నడుములు వంగేలా మోశాం. ఒక్కరూ విసుక్కోలేదు. చివరి రెండు బండ్లు తడిశాయి గానీ మిగతాదంతా కొట్టం చేరింది.

మీసాల నుంచి నీళ్లు కారుతుండగా అన్నగారు టీ చేతికిచ్చి, చివర్లో అంత గట్టిగా ఏమడిగావన్నారు. దానం నేల చూపులు చూశాడు. ప్రార్థన చేసిన నోటితో అబద్ధమెలా చెప్పను? వాన అని ఒప్పుకున్నాను.

దొరసానమ్మగారు నుదురు కొట్టుకుని మన తెలుగులోనే అన్నారు, "ఏంది నాయనా ఇది? ఈడ ఎండ అడగాల."

మీ ఊళ్లోనూ ఇలాగే అడుగుతారా అన్నారు అన్నగారు. ప్రతి ఆదివారం అన్నాను. పడుతుందా అన్నారు. ఎప్పుడో గానీ పడదన్నాను.

ఆయన టీ ఒలికేలా నవ్వి నా భుజం మీద చెయ్యి వేశారు. "అయితే ఇకమీదట మీ వాన మేమడుగుతాం, మా ఎండ మీరడగండి. ఎవరిది వాళ్లు అడుక్కుంటే పనయ్యేటట్టు లేదు."

ఆ తడి పనల సాక్షిగా నేను ప్రమాణం చేశాను. పరాయి చేలో ప్రార్థనకు నిలబడితే, ముందు రైతును అడుగుతాను, ఆ తర్వాతే దేవుణ్ని.