చదివేవాళ్లు నా మొగుణ్ణి చంపిన సంగతి

రాసేవాళ్లకు చదివేవాళ్లే దేవుళ్లని సభల్లో అంటారు. అనేవాళ్ల ఇళ్లకు ఆ దేవుళ్లు ఎన్నడూ వచ్చినట్టు లేదు. నేను చదివింది నాలుగో తరగతి. కొత్తవాడలో మగ్గానికి నూలు కండెలు చుడుతూ కథ కట్టుకునేదాన్ని. మధ్యాహ్నం వంటయ్యాక పాత క్యాలెండర్ల వెనకవైపు రాసేదాన్ని. కొత్త కాగితం మీద పెట్టేంత గొప్ప మాటలు నాకు రావు. అట్లా రాసినవే నవలలయ్యాయి, పేరూ వచ్చింది.

పేరుతో పాటు ఫోన్లూ వచ్చాయి. నవలలో కోడలు పప్పులో ఎల్లిగడ్డ ఎందుకు వేయలేదని ఒకావిడ తగువు పెట్టుకుంది. హసన్‌పర్తి నుంచి ఒక కాలేజీ సారు వచ్చి, నా నవలల్లో ఆకలి దేనికి గుర్తని అడిగాడు. ఆకలి ఆకలికే గుర్తు సారూ అన్నాను. దాన్నీ రాసుకుపోయాడు.

ఈ మధ్య వారపత్రికలో వచ్చిన నవలను ‘నేను’ అంటూ రాశాను. అందులో ఒక నేతగాడు వాగులో కొట్టుకుపోతాడు, శవం దొరకదు. మా దిక్కు ఇంట్లో మనిషి పోతే, మిగిలినవాళ్లను చుట్టాలు తమ ఇంటికి తీసుకుపోయి, అన్నం పెట్టి, ఒక రాత్రి పడుకోబెడతారు. దాన్ని నిద్ర అంటాం. నా కథలో అతని పెళ్లాన్ని, అంటే ఆ ‘నేను’ను, ఎవరూ నిద్రకు పిలవరు. ఆమె తనంతట తాను లేచి మగ్గం ఎక్కుతుంది. కథ అదే.

ఆఖరి భాగం మిగిలి ఉండగా ఎడిటర్ ఫోన్ చేశాడు. పాఠకులు ఏడుస్తున్నారట, భర్తను బతికించి తెమ్మన్నాడు, పోయిన గొడుగు దొరికినట్టు. ఆలోచించి చెబుతానన్నాను.

మర్నాడే నర్సంపేట నుంచి ఒకామె టిఫిన్ గిన్నె పట్టుకుని దిగింది. తలుపు తీసింది మా ఆయన.

“కథలు రాసే అమ్మ ఉన్నదా? నిద్రకు తీస్కపోదామని వచ్చిన.”

“మా ఇంట్ల ఎవలు సచ్చిన్రని?”

“అమ్మ పెనిమిటి.”

“అది నేనే.”

ఆమె గోడ పట్టుకుంది. “వాగులకెల్లి ఎట్ల బయటపడ్డవు పెద్దయ్యా?”

మా ఆయన నా వైపు తిరిగాడు. “నన్ను సంపినవానే?”

“నిన్ను గాదు. వాడు నీకంటె నెమ్మదస్తుడు.”

“ఎవడైతేంది, ఆఖర్ల వాన్ని బతికియ్యి. లేకపోతే రేపు ఇంకోడు పూలదండ పట్టుకొని వస్తడు!”

నేను ఆమె మీద పడ్డాను. “కథేదో బతుకేదో తెల్వదా నీకు? ఉత్తగ బస్సెక్కి వచ్చినవు.”

ఆమె గిన్నె కింద పెట్టింది. “మా ఆయన పోయినప్పుడు నన్ను సుత ఎవ్వలు పిలువలేదమ్మా. ఆడిబిడ్డ తీస్కపోతదని మా అన్న అనుకున్నడట, మా అన్న తీస్కపోతడని ఆడిబిడ్డ అనుకున్నదట. నీ కథ సదివితే పానం ఆగలే.”

నేను గిన్నె మూత తీశాను. 

“తెచ్చిన బువ్వ ఖరాబు చేసుడెందుకు, ముగ్గురం తిందాం,” అన్నాను. “ఇయ్యాల నువ్వే ఇక్కడ పండుకో. పొద్దుగాల పోదువు.”

ఇది అపశకునమని మా ఆయన గొణిగాడు. గొణుగుతూనే తన మంచం ఆమెకిచ్చి, తాను మగ్గం పక్కన జంపఖానా పరుచుకున్నాడు.

పొద్దున ఆమె బస్సెక్కాక ఎడిటర్‌కు ఫోన్ చేశాను. “వాడు రాడు,” అన్నాను. పాఠకులు బాధపడతారన్నాడు. పడనీ. మొగుడు తిరిగొస్తే చాలనుకునేవాళ్ల కోసం వాణ్ణి తేవచ్చు. తెస్తే, తన మొగుడు ఎన్నటికీ తిరిగిరాని ఆమె ఆ గిన్నె పట్టుకుని నా గుమ్మం దాకా రావడం వట్టి వెర్రి అయిపోతుంది. ఆమె బువ్వ తిని ఆ పని నేను చేయలేను.

అచ్చయ్యాక తిట్లు బాగానే వచ్చాయి. రాతిగుండె ముసలిదన్నారు. ఆ వారం మా ఆయన సిగ్గుతో చాయ్ హోటల్ మొహం చూడలేదు. ఇంట్లోనే తాగాడు. చచ్చినవాడికి మర్యాదగా పాలు కొంచెం ఎక్కువ పోయమన్నాడు. పోయలేదు.