అరికాళ్ళ మీది మచ్చలు

నిన్న పొద్దున్న మా మనవరాలు కుక్కపిల్ల చెవిలోంచి ఒక గోమారును లాగి, గచ్చు మీద పెట్టి గోటితో నొక్కబోయింది. "వద్దే తల్లీ!" అని నేను వేసిన కేకకు కుక్కపిల్ల కూడా బెదిరి మంచం కిందికి దూరింది. రక్తం తాగి సెనగగింజలా ఉబ్బిన ఆ పురుగును చీపురుపుల్లతో కిరసనాయిల్లోకి నెట్టించి, పిల్ల చేతులు సబ్బుతో కడిగించాను. దానికి నవ్వులాటగా ఉంది. నాకు మా అత్తగారు గుర్తొచ్చారు.

తొంభైల్లో మాట. కొత్తపేట దగ్గర మా ఊళ్ళో, కొబ్బరితోటలో పశువుల పాక ఉండేది. మధ్యాహ్నం భోజనాలయ్యాక అత్తగారు గేదె పక్కన పీట వేసుకుని, దాని చెవుల వెనకా పొదుగు మడతల్లోనూ వెతికి, గోమార్లను బొటనవేళ్ళ గోళ్ళ మధ్య టక్కుటక్కున చిదిపేవారు. ఆ చేతులు కొంగుకు తుడుచుకుని నాకు తమలపాకు చిలక చుట్టి ఇచ్చేవారు. "నా తలకి నూనె రాయడానికి తీరిక లేదు గానీ, దాని చెవులకి మాత్రం సేవ" అని మామగారు అరుగు మీంచి దెప్పేవారు. "అది పాలిస్తాదండీ, మరి తమరో?" అనేవారావిడ.

ఒక ఏడు వానలు వెనకబట్టాక ఆవిడకు జ్వరం తగిలింది. తల పగిలిపోతోందన్నారు. రెండ్రోజులు పోయాక ముంజేతుల మీద ఎర్రని మచ్చలు లేచాయి. పక్కింటి మామ్మగారు గడపలోనే చేతులు జోడించి, "అమ్మవారమ్మా! సూదీగీదీ వేయించకండి, ఆవిడికి కోపం వస్తాది" అన్నారు. మామగారు ద్వారానికి వేపమండ కట్టి, డాక్టరును తెస్తానన్న మా ఆయన్ని అక్కడే ఆపేశారు. తాలింపులు మానేశాం. అంత బాధలోనూ అత్తగారు, "వచ్చినావిడ్ని గౌరవంగా పంపాలి గదమ్మా" అన్నారు. నేనూ దీపం పెట్టి మొక్కుకున్నాను.

పసుపునీళ్ళతో కాళ్ళు తుడుస్తూ చూస్తే అరికాళ్ళ నిండా మచ్చలు. అరిచేతుల్లోనూ అవే. ఒక్కటీ నీరు పట్టలేదు సరికదా, నల్లబడుతున్నాయి. మామగారికి చూపించాను. "ఆయ్, ఆవిడికి నచ్చిన చోట దిగుతాదమ్మా" అన్నారు గానీ, దీపం దగ్గరగా పట్టి మళ్ళీ చూశారు. మర్నాడు అత్తగారు నన్ను గేదె అనుకుని, నా మెడ నిమురుతూ "చేపవే తల్లీ, పాలు చేపవే" అన్నారు. అప్పుడు మామగారే వేపమండ పక్కకు తోసి, "కారు పిలవండ్రా" అన్నారు.

అమలాపురంలో డాక్టరుగారు అరిచేతులు తిప్పి చూసి, "ఇంట్లో పశువులున్నాయాండీ?" అని అడిగారు. నడుం దగ్గర, చీర బిగింపు కింద, నల్లగా మాడిన చిన్న పుండు చూపించారు. "గోమారు కుట్టిన చోటండీ ఇది. అమ్మవారు కాదు. దాంట్లో ఉండే సూక్ష్మజీవి రక్తనాళాల్ని పాడుచేస్తుంది. గోటితో చిదిపినా చర్మం పగుళ్ళలోంచి దిగిపోతుంది. చవక మందేనండీ, మొదట్లోనే పడాలి." ఆ జ్వరానికి ఇంగ్లీషులో పొడుగాటి పేరేదో చెప్పారు. ఇంట్లో నాన్నగారి దగ్గర అక్షరాలు దిద్దుకున్న దాన్ని, అది నాకు నోరు తిరగలేదు. "ఇప్పుడు వేస్తే?" అన్నారు మామగారు. "వేస్తున్నామండీ" అన్నారాయన. మందు ఒంటికి పట్టకముందే అత్తగారు వెళ్ళిపోయారు.

రెండువేలు దాటిన కొన్నేళ్ళకు మామగారికే జ్వరం, అవే మచ్చలు. ఎవరో వేపమండతో మెట్లెక్కబోతుంటే ఆయన మంచం మీంచే రెండరచేతులూ చాచి చూపించారు. "ఆవిడ కాదండీ, గోమారు. ఆటో పిలవండి." వారం తిరిగేసరికి లేచి కూర్చుని చారన్నం అడిగారు. నడవగలిగిన రోజున ముందుగా అమ్మవారి గుడికే వెళ్ళి చలిమిడి పెట్టి వచ్చారు. ఆయన్ని మాకు మిగిల్చినందుకు నేటికీ ఆ తల్లికి దణ్ణం పెట్టుకుంటాను. ఆవిడ మీద నేనెన్నడూ నింద వేయలేదు. రాని ఆవిడ వచ్చిందనుకున్నది మనమే.

ద్వారానికి కట్టిన వేపమండ వాడిపోవడానికి ఎంతసేపు పడుతుందో నేను చూశాను. ఒక మనిషి మన చేతుల్లోంచి జారిపోవడానికి కాలం అంతకంటే ఎక్కువేమీ అడగదు.