ఖాలా తిరిగివ్వని సైకిల్

నా చిన్నప్పుడు మేము పెద్దపల్లి దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీ క్వార్టర్లలో ఉండేవాళ్లం. నాన్నను బాపు అనీ, అమ్మను అవ్వ అనీ పిలిచేవాళ్లం. బాపుకు ఆ ఫ్యాక్టరీలోనే నౌకరి. ఒంట్లో బాగాలేకపోతే ఫ్యాక్టరీ దవాఖానకు వెళ్లి మందులు తెచ్చుకోవడం మాకు నల్లా నీళ్లు పట్టుకున్నంత మామూలు. ఆ వైద్యం బాపు నౌకరీతో వచ్చిందనీ, నౌకరీతోనే పోతుందనీ మా ఇంట్లో ఎవరమూ ఆలోచించలేదు.

ఆ ఎండాకాలం మా తమ్ముడి ముఖం వాచింది. తర్వాత కాళ్లు, పొట్ట. కళ్లు తెరవలేనంతగా ఉబ్బిపోయాడు. మూత్రపిండాల జబ్బన్నారు. అవ్వ వాడితోపాటు దవాఖానలోనే ఉండిపోయింది. తగ్గకపోతే హైదరాబాదు పంపుతామని, ఆ ఖర్చు ఫ్యాక్టరీయే పెట్టుకుంటుందని డాక్టరమ్మ చెప్పింది. సరిగ్గా అప్పుడే బాపుకు మస్కట్ వీసా వచ్చింది. వెంటనే బొంబాయి రమ్మని ఏజెంటు కబురు పెట్టాడు.

బాపు రాతిగుండె మనిషి కాదు. అక్కడ సంపాదించి తమ్ముడిని ఇంకా పెద్ద దవాఖానలో చూపించాలనే ఆయన ఆరాటమంతా. ఆ రోజే ఆఫీసు మూసేలోగా రాజీనామా ఇచ్చేసి బండెక్కాలనుకున్నాడు. అవ్వకింకా చెప్పలేదు. ముందుగా, మేము పిన్నిలా ఖాలా అనీ, ఆయన అక్కలా ఆపా అనీ పిలిచే పక్కింటి ఆమెకు చెప్పి, తాను లేనప్పుడు మమ్మల్ని కాస్త కనిపెట్టుకొని ఉండమన్నాడు. కాసేపయ్యాక ఖాలా వచ్చి, "భయ్యా, జర సైకిల్ ఇయ్యి, గిప్పుడే వస్త" అంది. ఆమెకు తొక్కడం రాదు. రేషన్ బియ్యం దానిమీద పెట్టి నెట్టుకొస్తానంది.

ఎంతసేపటికీ రాలేదు. బాపు ఇంట్లోకీ వాకిట్లోకీ తిరిగాడు, ఎండ వైపు చూశాడు, చివరికి అవ్వకు తీసుకెళ్లాల్సిన అన్నం గిన్నె నా చేతికిచ్చి నడక మొదలుపెట్టాడు. ఆయన వెనక నేను పరుగెత్తాల్సి వచ్చింది. సగం దారిలో, మోరీ కాలువ గట్టు మీద ఖాలా కూర్చుని ఉంది. పక్కనే సైకిల్. రెండు టైర్లలోనూ గాలి లేదు.

"నేనే తీసిన గాలి" అంది బాపు అడగకముందే.

బాపుకు అంత కోపం రావడం నేనెన్నడూ చూడలేదు. "పాగల్ అయినవా ఆపా? ఆఫీసు బందయితది! నా బతుకుతోని ఆటలా?" అని అరిచాడు.

ఖాలా లేచి దారికి అడ్డంగా నిలబడింది. వాళ్లాయన ఈ ఫ్యాక్టరీకి రాకముందు ఏదో మిల్లులో పని మానేసి సౌదీ వెళ్లొచ్చాడని మాకు తెలుసు. వాళ్లకొక కూతురు ఉండేదని మాత్రం తెలియదు.

"ఆయన విమానం ఎక్కినంక బిడ్డకు జరమొచ్చింది. మిల్లు దవాఖానకు ఎత్తుకపోయిన. మీ పేరు తీసేసినం అన్నరు. కరీంనగర్ పోదామంటే బండి దొరకలే. సౌదీ పైసలు వచ్చినయి భయ్యా, మస్తుగ వచ్చినయి. బిడ్డ పోయినంక వచ్చినయి."

ఆమె ఏడవలేదు. గొంతు మాత్రం తగ్గించింది. "పోవద్దంటలే. పోరడు లేచి నడిచినంక పో. గా మస్కట్ జీతం చేతికొచ్చేదాక వాన్ని ఎవలు చూస్తరో చెప్పు, నేనే పక్కకు జరుగుత."

బాపు ఆమెను తప్పించుకొని రెండడుగులు వేశాడు. ఆగాడు. అంతలో ఫ్యాక్టరీ సైరన్ మోగింది. ఆఫీసు మూసేశారు. ఆయన ముఖం చూడాలంటే నాకు భయమేసింది. ఆయన నా చేతిలోని గిన్నె తీసుకొని దవాఖాన దారి పట్టాడు.

మర్నాడు కూడా బాపు రాజీనామా ఇవ్వలేదు. ఆ వారమే ఫ్యాక్టరీ ఖర్చుతో తమ్ముడిని హైదరాబాదు పంపారు. వాపు తగ్గి వాడు ఇంటికి వచ్చేసరికి వానలు మొదలయ్యాయి. వీసా మాత్రం ఇంకెవరికో పోయింది. ఆ కడుపుమంటతో బాపు చాలాకాలం ఖాలాతో మాట్లాడలేదు. మరుసటేడు మళ్లీ వీసా వచ్చినప్పుడు మాత్రం ముందు ఆమె ఇంటికే వెళ్లాడు. తమ్ముడికి మళ్లీ వాస్తే బయట ఏ డాక్టరు చూస్తాడో, మందులెక్కడ దొరుకుతాయో అన్నీ కుదుర్చుకున్నాకే రాజీనామా ఇచ్చాడు.

ఈమధ్య మా కోడలు కంపెనీ మారుతుంటే అందరూ జీతమెంత పెరిగిందని అడిగారు. నేను మాత్రం "పాత ఇన్సూరెన్స్ ఎన్నటిదాక ఉంటది బిడ్డా? కొత్తది ఎన్నటి నుంచి?" అని అడిగాను. కనుక్కుంటే, పాతది ఆఖరి పనిదినంతోనే ఆగిపోతుందట. కొత్త ఉద్యోగంలో చేరేదాకా మధ్యలో ఏమీ లేదు. నౌకరీలో ఉండగానే అడిగి, ఆ పాలసీని సొంతంగా కట్టుకునేలా మార్చుకుంది.

ఎవరు నౌకరి మారుతున్నారని విన్నా ఈ వయసులోనూ ఆ మధ్య రోజుల సంగతేమిటని అడుగుతాను. నవ్వేవాళ్లు నవ్వుతారు. జవాబు చెప్పేదాకా నేను మాత్రం కదలను.