ఆడపిల్ల తరఫువాళ్లం

ఉగాది పొద్దున కమలాపురంలో కడప బస్సెక్కాను. ముందురోజు ఆ ఊళ్లో మా డాక్యుమెంటరీ వేశాం. దేవుని కడప వెంకన్న ముస్లింల ఆడపిల్ల బీబీ నాంచారిని పెళ్లాడాడని, తమ అల్లుడంటూ ముస్లింలు ఉగాదికి ఆయన గుడికి వెళ్తారు. సినిమా దాని గురించే. సినిమా అయ్యాక చర్చంతా ఆ పెళ్లికి ఆధారాలేమిటని సాగింది.

పక్కసీట్లో టెంకాయ, బెల్లం ఉన్న సంచి ఒళ్లో పెట్టుకున్న ముస్లిం ముసలమ్మ నన్ను గుర్తుపట్టింది.

"పెండ్లయిందా, కాలేదా అని నిన్న శానాసేపు కొట్లాడితిరి. మా పిల్ల ఆడ బాగుండాదా అని ఒగరన్నా అడిగినారా?"

బెల్లం ముక్క విరిచి నా చేతిలో పెట్టింది. దేవుడికి తీసుకెళ్తున్నదని తటపటాయించాను.

"తినప్పా, అల్లుడేమీ అనుకోడులే."

ఇప్పుడు ఏ ఊళ్లో సినిమా వేసినా, చర్చకు ముందు బెల్లం పంచుతాను. ఎందుకని అడిగితే, ఆడపిల్ల తరఫువాళ్లమని చెబుతాను.