ఇత్తడి పలక మీద పేరు

ఒకరికి జరిగిన అవమానానికి ఇంకొకరు పగ తీర్చుకోవచ్చా? ఏళ్లుగా ఈ ప్రశ్న నాలోనే ఉంది. అడగవలసిన మనిషి మా గోడ అవతలే ఉండేవాడు. మొన్న శుక్రవారం పొద్దున ఆయన కోడలు వచ్చి మా గడపలోనే కూలబడింది. "మామ పోయిండు టీచరమ్మా. తెల్లారగట్ల ఫజర్ నమాజుకు లేపితే లేవలే."

ఫలక్‌నుమాలో మా సందుకంతా ఆయన మిస్త్రీ. నాకు చాచా. పాత మోటార్లు, నీళ్ల ఇంజన్లు బాగుచేసేవాడు. అందరూ పని అయ్యాక చేతులు కడుక్కుంటే ఈయన పనికి ముందే కడుక్కునేవాడు. ఎందుకని నవ్వితే, "దుమ్ము నాది. ఇంజన్‌కు ఎందుకు పెట్టాలె?" అనేవాడు.

బార్కస్ దాటాక ఒక దొర తోట ఉంది. అక్కడొక పాత చిన్న ట్రాక్టరు. ఒక వేసవిలో దాని కార్బురేటరు, అంటే పెట్రోలునూ గాలినీ కలిపి ఇంజనుకు పంపే ముక్క, మాయమైంది. ముందురోజు దాన్ని విప్పి కడిగింది చాచాయే. దొర కూలీలందరి ముందు ఆయనను "చోర్" అన్నాడు. నెత్తిన టోపీ తీయించి ఎండలో నిలబెట్టాడు. వారం తిరక్కముందే తేలింది, అమ్ముకున్నది దొర మేనల్లుడని. సందంతటికీ తెలుసు, దొరకూ తెలుసు. అన్నమాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

తరువాత జర్మనీతో యుద్ధం వచ్చింది. ఇంగ్లీషు సీమ నుంచి కొత్త సామాను రావడం ఆగిపోయింది. ట్రాక్టరు తుప్పు పడుతుంటే దొర మళ్లీ చాచాకే కబురు పెట్టాడు. నాకు ఒళ్లు మండింది.

"చేస్తవా చాచా?"

"చేస్త. ఇంజన్ నన్ను చోర్ అనలే గద బిడ్డా. గాని అది ఈడికి రావాలె. నేను ఆ గేటు తొక్క."

"అయితే గిట్ల బిగించు, నడి దుక్కిల ఆగిపోవాలె."

"నా చేతితోని ఖరాబ్ పని చేయిస్తవా? బి.ఏ. చదివి నేర్చింది గిదేనా?" అని నవ్వాడు.

ట్రాక్టరును ఎడ్లతో మా సందుకు లాగించారు. చాచా ఒక విరిగిన మోటారు కారు నుంచి కార్బురేటరు తెచ్చాడు. దాని బోల్టు రంధ్రాలు ఎడంగా ఉన్నాయి, ఇంజనువి దగ్గరగా. రెంటి మధ్యకు మందపాటి ఇత్తడి పలక కోసి, రెండు జతల రంధ్రాలు తొలిచి కలిపాడు. కారు ఇంజను పెద్దది కాబట్టి ఆ ముక్క పెట్రోలు ఎక్కువ వదిలింది. సందంతా నల్లటి పొగ. పెట్రోలు దిగే సన్నరంధ్రాన్ని టంకంతో పూడ్చి, నా కుట్టుసూది మొన సానబట్టి మళ్లీ తొలిచాడు. పొగ పోయేదాకా మూడుసార్లు పూడ్చాడు, మూడుసార్లు తొలిచాడు.

ఎప్పుడూ తన పనికి గుర్తుగా మూడు చుక్కలు కొట్టేవాడు. ఈసారి పలక కొసను కొంచెం బయటికి వదిలి, నా దగ్గరికి కాగితం పట్టుకొచ్చాడు. చదువు రాదు, వేలిముద్ర మనిషి.

"నా పేరు ఉర్దూల రాసియ్యి బిడ్డా, చూసి చెక్కుత. చోర్‌గాడు ఏడన్న పేరు పెట్టి పోతడా?"

నేను ఆయన పేరు రాయలేదు. "చోర్ కా కామ్" అని రాశాను. దొంగ పని. ఎవరా దొంగ అని చూసినవాళ్లు అడగాలి, దొర చెప్పుకోలేక చావాలి. చాచా మధ్యాహ్నమంతా ఉలితో ఒక్కో వంపూ లోతుగా దించాడు. పొడి ఊది, "మంచిగున్నదా?" అన్నాడు.

"మస్తుగున్నది," అన్నాను.

నెల లోపలే దొర ఇంటికి విందుకు వచ్చిన పెద్దమనుషులు ఆ అక్షరాలు పైకి చదివారట. "ఏ చోర్ దొరా? బయటోడా, ఇంటోడా?" అని ఒకాయన అంటే అందరూ నవ్వారట. పలక పీకితే ట్రాక్టరు నడవదు. ఆకురాయి పెట్టి రుద్దించినా ఆ లోతు పోలేదు. బార్కస్‌లో దానికి చోర్‌గాడీ అని పేరు పడింది. దొర దాని పక్కన నిలబడడమే మానేశాడని విన్నరోజు నేను పాయసం వండుకున్నాను. ఇప్పుడు తలుచుకున్నా ఆ మనిషి మీద నాకు జాలి రాదు.

దొర చాచాను గేటు బయటికి పిలిపించి ఎవరు రాయించారని గద్దిస్తే, "చెక్కింది నేనే" అన్నాడట. అంతే. ఆ తరువాత పెద్దిళ్ల మోటార్లు ఒక్కటీ ఆయన కొట్టు ముందు ఆగలేదు. సైకిళ్లకు పంక్చర్లు వేస్తూ బతికాడు. నన్ను ఏమీ అడగలేదు. నేనూ చెప్పలేదు. ఒకసారి మాత్రం సైకిలు చక్రం తిప్పి చూస్తూ, తల ఎత్తకుండానే, "నా పేరు మస్తు పొట్టిగ రాసినవు బిడ్డా," అన్నాడు. నేను లోపలికి వెళ్లిపోయాను.

చాచా జనాజా ఖబరస్థానుకు వెళ్లిన మరునాడు బార్కస్ దారిలో ఆ ట్రాక్టరు ఎదురైంది. దుక్కి మట్టి కొట్టుకున్న ఇంజను మీద ఇత్తడి కొస ఒక్కటే ఎండకు మెరుస్తోంది. చప్పుడులో తడబాటు లేదు. ఏం చెక్కుతున్నాడో ఆయనకు ఆనాడే తెలుసా, ఎవరైనా చదివి చెబితే తెలిసిందా, లేక నిజంగానే తన పేరు పొట్టిదైందనుకున్నాడా? నేను తేల్చుకోలేకపోతున్నాను.