నడుం సంచీలో పొడి అగ్గిపెట్టె

మా మేనత్త సువార్తమ్మ ఇక లేదు. ఈ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. సీలేరు పైకొండల్లో రెండు తరాల పసికందులకు బొడ్డుకోసిన నర్సమ్మ, తుఫాను వానలో కాలిదారి పక్కన బండ కింద చలికి బిగుసుకుపోయి కన్నుమూసిందని కబురొస్తే నేను నమ్మలేదు. కొండ ఎవరినైనా మింగవచ్చు గాని, ఆమెనా!

ఆమె సర్వస్వం పాత రెయిన్‌కోటు గుడ్డతో కుట్టుకున్న నడుం సంచీ. ప్లాస్టిక్‌లో చుట్టిన అగ్గిపెట్టె, బ్లేడు, దారం, బెల్లంముక్క. అంతే. రిటైరైన తర్వాత కూడా అది నడుము దిగలేదు.

ఒకసారి నేను దుప్పట్లు, స్టవ్వు కుక్కిన పెద్ద బ్యాగుతో వెంట బయలుదేరాను. పకపకా నవ్వింది. "ఏటిరా ఆ మూట? కొండ మీద కాపరం ఎడతావేటి?" మొదటి ఎక్కుడులోనే బ్యాగు దించేశాను. ఇంతలో వాన. నన్ను బండ కిందికి లాక్కుపోయింది. అక్కడ ఎండుకట్టెలు పేర్చి ఉన్నాయి. ఆ దారి ఆచారమది: కట్టెలు కాల్చుకున్నవాడు మళ్లీ వచ్చేటప్పుడు తెచ్చి పేర్చాలి. కొండదేవతకు మొక్కేవాళ్లయినా, మా చర్చివాళ్లయినా తప్పేవారు కాదు.

"దించబుద్దేసే బరువు కట్టకురా. నడుం మీద పట్టిందే నీది. మిగిలింది దారిలో మనోళ్లు పెట్టుంటారు" అంది మంట రాజేస్తూ.

తర్వాత రోడ్డు పడింది. మంచిదే, ఎవరు కాదన్నారు? డోలీ మోతలు తగ్గాయి. కాలిదారి మాత్రం నిర్మానుష్యమైపోయింది. "అత్తా, ఒక్క దుప్పటైనా పెట్టుకో" అని పోరాను. "దారిలో మనోళ్లు లేరేటిరా?" అనేది. మొండిఘటం!

మొన్నటి తుఫానుకు కొండచరియ విరిగి రోడ్డు మూసుకుపోయింది. పైఊళ్లో ఒక అమ్మాయికి నొప్పులని తెలిసి, అత్త పాతదారి పట్టింది. తల్లీబిడ్డా క్షేమం. ఆ బాలింత తల్లి నా చేతులు పట్టుకుని ఏడ్చింది: "ఉండిపోమన్నాను బాబూ. బేగి ఎల్లిపోతాను, తడిస్తే బండ కింద కట్టెలుంటాయి కదా అంది."

బండ వరకూ చేరగలిగింది. సంచీ విప్పి ఉంది. అగ్గిపెట్టె పొడిగానే ఉంది. గీసి ఆరిపోయిన పుల్లలు పక్కనే ఉన్నాయి. అంటించడానికి అక్కడ ఒక్క కట్టె లేదు.

సమాధి దగ్గర పూలదండలు వద్దన్నాను. తలా ఒక ఎండుకట్టె మోసుకెళ్లి ఆ బండ కింద పేర్చి వచ్చాం. అత్తా, నీ సంచీ ఏనాడూ చిన్నది కాదు. అందులో మేం పెట్టవలసిన భాగాన్ని మేమే మరిచిపోయాం. ఇప్పుడక్కడ కట్టెలు నిండా ఉన్నాయి. ఆ దారిన నడిచే మనిషివి నువ్వే లేవు.