సన్న టైర్లు

పర్చూరు నుంచి ఇంకొల్లు పోయే రోడ్డు పక్కన సిలార్ షెడ్డు ఉండేది. తండ్రి హుస్సేన్ సాహెబ్ ఎడ్లకు నాడాలు కొట్టి ఐదుగురు పిల్లల్ని పెంచాడు. ఎడ్లు తగ్గి ట్రాక్టర్లు వచ్చేసరికి కొడుకు సుత్తి వదిలి స్పానర్ పట్టాడు. చప్పుడు విని ఇంజన్ జబ్బు చెప్పేస్తాడని చుట్టుపక్కల పది ఊళ్లలో పేరు. ఆ పేరంటే సిలార్‌కి కాస్త ఎక్కువే ఇష్టం.

రెండువేల ఒకటిలో, అతని చిన్ననాటి స్నేహితుడు జయరావు వేలంలో పాత మిలిటరీ జీపు కొనుక్కొచ్చాడు. వెనక తగిలించుకునే బుల్లి ట్రైలర్ కూడా దాంతోపాటే వచ్చింది. నాలుగు చక్రాలూ లాగే బండి అది. అయితే డీజిల్ ఎక్కువ తాగుతుందని ఎవరో మహానుభావుడు ముందు చక్రాలను తిప్పే షాఫ్టు పీకేశాడు.

"దీన్ని మళ్లీ బతికించరా. వాన పడ్డాక కూడా చేలోకి దిగి మిరపకాయ మోసుకురావాలి. ట్రాక్టరు బరువుకి దిగబడిద్ది, ఇది తేలిక" అన్నాడు జయరావు.

సిలార్ రెండు నెలలు ఆ జీపుతోనే కాపురం చేశాడు. విజయవాడ పోయి షాఫ్టు వెతికి తెచ్చాడు. స్ప్రింగులకు పట్టీలు కలిపి బండిని బెత్తెడు పైకి లేపాడు. ట్రైలర్ కొక్కేన్ని బంపర్‌కి కాకుండా ఛాసిస్‌కే పట్టేలా లావు ఇనప పట్టీ వేసి వెల్డింగ్ చేశాడు. చివర్లో సన్నగా ఉన్న మిలిటరీ టైర్లు విప్పేసి, వాటికి రెట్టింపు వెడల్పున్నవి బిగించాడు. పాతవి షెడ్డు ముందు పడేస్తే, వచ్చినవాళ్లు వాటి మీద కూర్చుని టీ తాగేవారు.

"ఏనుగు కాళ్లలా ఉన్నాయిరోయ్!" అని మురిసిపోయాడు జయరావు.

"మరేమనుకున్నావ్? వెడల్పుంటే బురద మీద తేలిపోద్ది" అన్నాడు సిలార్.

మార్చి నెలలో అకాల వాన కురిసింది. వెంకటరావమ్మ భర్త పోయాక మూడెకరాల మిరప ఒంటి చేత్తో చూసుకుంటున్న మనిషి. ఆవిడ కళ్లం రోడ్డుకి మైలు దూరంలో, చేల నడుమ. కాయ ఎండింది, గోతాల్లో తొక్కి ముప్పై రెండు టిక్కీలు కట్టారు, అంతలో వాన. పట్టాలు కప్పి అప్పటికి కాపాడుకుంది గానీ, తెల్లారేసరికి కింద నేలంతా చెమ్మ. తూర్పున మళ్లీ మబ్బు. ఇంకో వాన పడితే అడుగు నుంచి తడెక్కి కాయ బూజు పట్టడం ఖాయం. ఏడాది కష్టమంతా ఆ టిక్కీల్లోనే ఉంది. పొద్దున వచ్చిన ట్రాక్టరు చేను గట్టు దాటకుండానే ఇరుసు దాకా కూరుకుపోయింది.

కబురందగానే సిలార్, జయరావు జీపు వేసుకుని వచ్చారు. డొంకలో దిగి వంద గజాలు పోయారు. నల్లరేగడి ఆ వెడల్పు టైర్లకు ముద్దలు ముద్దలుగా పట్టుకుని, మడ్‌గార్డుల కింద ఇరుక్కుని, బిగుసుకుపోయింది. జీపు ఆగిపోయింది.

"నాలుగు చక్రాలూ లాగుతాయన్నావు, నాలుగూ ఒకేసారి ఆగాయేంరా సిలారూ!" అని గట్టు మీద నుంచి ఎవరో అరిచారు. అంతా నవ్వారు. సిలార్ గునపం పట్టుకుని మట్టి పెళ్లగిస్తూ తల ఎత్తలేదు. నవ్వు కంటే తూర్పున మబ్బే అతన్ని ఎక్కువ భయపెట్టింది.

వెంకటరావమ్మ నడుచుకుంటూ వచ్చింది. రెండు కాళ్లకూ చెరో శేరు మట్టి. వంగి చక్రం చూసింది.

"ఏరా, ఎడ్లబండి చక్రం ఎంత మందం ఉంటదిరా?"

"మూడు వేళ్లుంటదేమో అమ్మా."

"మా మామగారు ఓసారి ఊరందరికంటే గొప్పగా ఉండాలని జానెడు మందం చేయించాడు. ఎడ్లు చచ్చినా లాగలేదు. ఈ నేల మీద తేలుదామంటే తేలనివ్వదురా, అంటుకుంటది. సన్నగా కోసుకుని కిందకి దిగాలి. జానెడు లోపల గట్టి నేలుంది. మీ నాయన నాడాలు కొట్టిన చేత్తో పెంచాడు నిన్ను, ఆ మాత్రం తెలియదా?"

సిలార్ గునపం కింద పెట్టాడు. తన పేరు, రెండు నెలల పని, నవ్వుతున్న జనం అన్నీ ఒక్క క్షణం కళ్ల ముందు తిరిగాయి. "నిజమేనమ్మా. తప్పు నాదే" అన్నాడు, అందరికీ వినపడేలా. ట్రైలర్ విప్పారు, జనం తలో చెయ్యి వేసి జీపుని రోడ్డు మీదకు నెట్టారు. సిలార్ ఎవరిదో మోటార్ సైకిలు మీద షెడ్డుకి పోయి, సన్న టైర్లు ఆటోలో వేయించుకొచ్చాడు. కూర్చుని టీ తాగుతున్నవాళ్లని లేపాల్సి వచ్చింది. అవి బిగించి, ముందు వైపు మడ్‌గార్డులు కూడా విప్పేస్తుంటే జయరావు లబోదిబోమన్నాడు.

"ఒరేయ్, మొన్ననే రంగేయించానురా!"

"నీ రంగు ఎక్కడికీ పోదులే, ఆవిడ కాయ పోద్ది."

ఈసారి జీపు తేలలేదు. బురదను కోసుకుంటూ, మూలుగుతూ, అడుగున గట్టిని పట్టుకుని నడిచింది. ట్రైలర్‌లో ఎనిమిదేసి టిక్కీలు, నాలుగు తడవలు. నాలుగో తడవ రోడ్డెక్కుతుంటే మొదటి చినుకు బానెట్ మీద పడింది.

ఆ తర్వాత పదేళ్లలో ఎన్నో జీపులకు సిలార్ పని చేశాడు. ఎవరైనా వెడల్పు టైర్లడిగితే, "మన నేల సంగతి నాకు వెంకటరావమ్మగారు చెప్పిందయ్యా" అని మొదలుపెట్టేవాడు. తండ్రి తర్వాత తనకు పని నేర్పింది ఆవిడేనని, చెప్పడానికి ఎన్నడూ సిగ్గుపడలేదు.

కాయ రోడ్డెక్కిన ఆ సాయంత్రం, వెంకటరావమ్మ వసారాలో టిక్కీలన్నీ దించారు. బయట వాన దంచుతోంది. ఆవిడ ఒక గోతం మూతి విప్పి, ఒక కాయ తీసి, సిలార్ చెవి దగ్గర ఆడించింది. లోపల గింజలు గలగలమన్నాయి.

"విన్నావా? ఎండుగానే ఉంది."

"నా పరువు కాపాడావమ్మా."

"నీ పరువు సంగతి నాకేం తెలుసురా, నా కాయ ఇంటికొచ్చింది" అంది ఆవిడ. గోతం మూతి మళ్లీ కట్టేసి, ఇద్దరికీ పీటలు వేసింది.